కరకట్ట బయట కట్టుకున్న పేట

జర్మనీలోని హాంబర్గ్ సముద్రానికి వంద కిలోమీటర్ల పైచిలుకు లోపల, ఎల్బే నది మీద ఉంది. అంత దూరంలో ఉన్నా సముద్రం దాన్ని వదలదు. నది రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. పోటుకూ పాటుకూ మధ్య తేడా మూడున్నర మీటర్ల పైమాటే. ఆ నది ఒడ్డునే, నగరాన్ని కాపాడే కరకట్టకు బయటి వైపున, మూతపడిన పాత రేవు స్థలంలో 157 హెక్టార్ల కొత్త పేటను కట్టారు. హాఫెన్‌సిటీ దాని పేరు. గాజు కెరటాల కప్పుతో ఉండే అక్కడి సంగీత భవనం ఎల్బ్‌ఫిల్హార్మోనీ ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. నన్ను అంతకంటే ఎక్కువ ఆకట్టుకున్న పని ఒకటుంది, అది ఫొటోకు అందదు. ఒక్కో భవన ప్రతిపాదనను చేతికి తీసుకుని, ఉప్పెన వచ్చిన రాత్రి ఇది ఎలా నిలుస్తుందని ముందే అడిగి, జవాబు తేలాకే స్థలం అమ్మిన తీరు అది. ప్లాన్ పరిశీలన అంటే మన మనసులో మెదిలేది ఆమోద ముద్ర, లేకపోతే కొర్రీ. ఆ పనిలో ఎంత ఆలోచన, ఎంత నేర్పు పట్టగలవో ఈ పేట చూపిస్తుంది.

ఈ నేర్పు వెనక ఒక కాళరాత్రి ఉంది. 1962 ఫిబ్రవరి 16 రాత్రి ఉత్తర సముద్రం మీద చెలరేగిన తుఫాను ఎల్బే ముఖద్వారంలోకి నీటిని తోసింది. తెల్లవారకముందే హాంబర్గ్‌లోని సెయింట్ పౌలీ కొలబద్ద దగ్గర నీరు సముద్రమట్టం కంటే 5.70 మీటర్ల ఎత్తుకు చేరింది. కరకట్టలు అరవై చోట్ల దాకా తెగాయి. నగరంలో ఆరో వంతు మునిగింది. ఒక్క హాంబర్గ్‌లోనే 315 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నదీపాయల మధ్య దీవిలా ఉండే విల్‌హెల్మ్స్‌బుర్గ్ వాసులు. హెచ్చరిక సరిగా అందక, నిద్రలో ఉండగానే నీటి పాలయ్యారు. అప్పట్లో నగర పోలీసు శాఖ బాధ్యత చూస్తున్న హెల్ముట్ ష్మిట్ సైన్యాన్ని రప్పించి సహాయ చర్యలు నడిపించాడు. తర్వాతి కాలంలో ఆయనే జర్మనీ చాన్సలర్ అయ్యాడు.

ఆ తర్వాత కట్టలు ఎత్తు పెంచారు. 1976 జనవరి 3న నీరు మునుపటికంటే పైకి, 6.45 మీటర్లకు వచ్చింది. ఆ నగరం ఇప్పటిదాకా నమోదు చేసిన అత్యధిక మట్టం అదే. కట్టలు తట్టుకున్నాయి, ఊరు నిలిచింది. కట్టకు బయట ఉన్న రేవు మాత్రం బాగా నష్టపోయింది. దాంతో రేవులోని సంస్థలు తమ తమ స్థలాల చుట్టూ సొంతంగా వరద గోడలు కట్టుకున్నాయి, గేట్లు పెట్టుకున్నాయి. కట్టకు బయట ఉన్నవాడి రక్షణ వాడి బాధ్యతే అన్న పద్ధతి అలా పాతుకుంది. హాఫెన్‌సిటీ నిబంధనల తల్లివేరు అక్కడే ఉంది.

కంటైనర్ ఓడలు వచ్చాక పెద్ద సరుకు రవాణా నదికి దక్షిణపు ఒడ్డుకు మళ్లింది. నగర కేంద్రానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న ఉత్తరపు వార్ఫులకు పని తగ్గిపోయింది. మేయర్ హెన్నింగ్ ఫోషెరావ్ 1990ల మొదటి సంవత్సరాల్లో అక్కడ కొత్త పేట కట్టాలన్న ఆలోచనను గుట్టుగా ఉంచాడు. ముందే పొక్కితే స్థలాల ధరలు ఎగబాకుతాయని ఆయన భయం. నగరానికి చెందిన సంస్థల ద్వారా అక్కడి హక్కులన్నీ సమకూర్చుకున్నాక 1997 మే 7న బయటపెట్టాడు. 1999లో జరిగిన పోటీలో డచ్ వాస్తుశిల్పి కేస్ క్రిస్టియాన్సే, ఆస్టాక్ సంస్థ కలిసి ఇచ్చిన నమూనా గెలిచింది. 2000 ఫిబ్రవరిలో మాస్టర్ ప్లాన్‌కు నగర ప్రభుత్వం ఆమోదం తెలిపింది.

ప్లాన్ గీసినవాళ్ల ముందు నిలిచిన మొదటి ప్రశ్న: కట్టా, మెరకా? పేట చుట్టూ కొత్త కరకట్ట పోసి లోపల మామూలుగా ఇళ్లు కట్టుకోవడం ఒక దారి. ఎవరికైనా ముందు తోచేది అదే. వాళ్లు దాన్ని పక్కన పెట్టారు. కట్ట అన్నది మొత్తం పూర్తయితేనే పనికొస్తుంది. తొంభై శాతం పూర్తయిన కట్టకు విలువ లేదు, నీరు మిగిలిన పది శాతంలోంచి వస్తుంది. అంటే మొదటి ఇంటికి పునాది తీయకముందే కట్ట ఖర్చంతా నగరం ఒకేసారి పెట్టాలి. ఇల్లు అమ్ముడుపోతుందో లేదో తెలియని రోజుల్లో అది మోయలేని బరువు. పైగా నీటి పక్కన పేట కడుతున్నదే నీటి కోసం. కళ్ల ముందు ఎనిమిది మీటర్ల మట్టం దాకా గోడ నిలబెట్టాక ఇక రేవు ఒడ్డున ఉన్న లాభమేమిటి?

అందుకే మెరకను ఎంచుకున్నారు. ఉత్తర సముద్ర తీరంలో ఇది చాలా పాత పద్ధతి. హాలిగెన్ అనే లోతట్టు దీవుల్లో రైతులు మట్టి దిబ్బలు పోసుకుని వాటి మీద ఇళ్లు కట్టుకుంటారు. ఆ దిబ్బను వార్ఫ్ట్ అంటారు. ఆ తీరంలో దిబ్బల మీద బతికే జనం గురించి రోమన్ రచయిత ప్లీనీ 1వ శతాబ్దంలోనే రాశాడు. హాఫెన్‌సిటీలో ఆ దిబ్బను కాంక్రీటుతో కట్టారు. పాత రేవు నేల సముద్రమట్టానికి సుమారు నాలుగున్నర నుంచి ఏడు మీటర్ల ఎత్తులో ఉండేది. మొదటి భవనాల పీఠాలను ఏడున్నర, ఎనిమిది మీటర్ల దగ్గర నిలిపారు. తర్వాత వచ్చినవి ఎనిమిది దాటి తొమ్మిది వరకు వెళ్లాయి. ఒక్కో భవనం తన మెరకతో పాటే వస్తుంది కాబట్టి పేటను ముక్కముక్కగా కట్టుకుంటూ పోవచ్చు. మెరక ఖర్చు కట్టేవాళ్లది, రోడ్లూ వంతెనల ఖర్చు నగరానిది. స్థలాల అమ్మకం మీద వచ్చే డబ్బును ప్రత్యేక నిధిలో వేసి ఆ ఖర్చుకు వాడారు.

మన డెల్టా ఊళ్లలో ఇల్లు మొదలుపెట్టే ముందు స్థలాన్ని మెరక చేసుకోవడం కొత్తేమీ కాదు. మన దగ్గర ఎవరి మెరక వారిది. కొత్త ఇంటివాళ్లు రెండడుగులు పోయిస్తారు, వాళ్ల నీరు పక్కింట్లోకి పోతుంది. రోడ్డు మీద మరో పొర వేస్తారు, పాత ఇళ్ల వాకిళ్లు పల్లమైపోతాయి. వాన వచ్చిన ప్రతిసారీ ఏలూరులోనో కాకినాడలోనో ఈ గొడవ వినిపిస్తూనే ఉంటుంది. హాంబర్గ్ వాళ్ల నేర్పు ఈ అతుకుల దగ్గరే కనిపిస్తుంది. పక్కపక్క స్థలాలు, వాటి మధ్య వీధి, వీధి చివర వంతెన ఏ మట్టానికి రావాలో ప్లాన్ ముందే చెప్పింది. ఒకరు ఎత్తు పెంచి మరొకరిని ముంచే అవకాశం లేకుండా అందరి మట్టాలూ ఒకే నక్షాలో కూర్చారు.

భవనాన్ని నిలువుగా కోసి చూపించే పటం ముందు పెట్టుకుంటే ఈ పని అందం తెలుస్తుంది. అడుగున నీటి అంచున నడకదారి, సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర మీటర్ల మట్టంలో. దాని వెనక మెరక. మెరక కడుపులో కార్ల పార్కింగ్, కొన్నిచోట్ల నడకదారి వైపు తెరుచుకునే కాఫీ షాపులు, దుకాణాలు. వాటి తలుపులకూ కిటికీలకూ ఉక్కు ఫ్లడ్ గేట్లు. ఆ పైన వీధి, గుమ్మాలు, ఇళ్లు. కింది నడకదారిని ఎత్తు చేయకుండా కావాలనే పాత రేవు మట్టంలో వదిలేశారు. పెద్ద ఉప్పెనలకు అది మునుగుతుంది, మునిగేలాగే కట్టారు. బార్సిలోనాకు చెందిన ఈఎంబీటీ సంస్థ రూపకల్పన చేసిన మాగెల్లాన్ మెట్ల చావడి, మార్కో పోలో మెట్ల చావడి పై వీధి నుంచి నీటి దాకా మెట్లు మెట్లుగా దిగుతాయి. మామూలు రోజున పిల్లలు ఆ మెట్ల మీద కూర్చుని పడవలు చూస్తారు. ఉప్పెన రోజున ఒక్కో మెట్టూ నీటికి ఇచ్చుకుంటూ పోతారు. ఎక్కడిదాకా నీటిని రానివ్వాలో తేల్చుకోవడం కూడా రక్షణలో భాగమేనని పటంలో నడకదారిని చూపే ఆ ఒక్క గీత చెబుతుంది. ఈ పేట ప్లాన్‌లో నేను అన్నిటికంటే మెచ్చేది దాన్నే.

అన్నిటినీ ఎత్తు చేయడం కుదరదు. హాఫెన్‌సిటీకీ పాత నగరానికీ మధ్య స్పైషర్‌ష్టాట్ ఉంది. 1883లో మొదలుపెట్టి కట్టిన ఎర్ర ఇటుకల గిడ్డంగుల వరస అది. వాటి కోసం అప్పట్లో దాదాపు ఇరవై వేల మందిని అక్కడి ఇళ్లనుంచి ఖాళీ చేయించారు. ఇప్పుడది రక్షిత కట్టడం, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాన్ని ఒక్క అంగుళం లేపడానికి వీల్లేదు. పక్కనే ఉన్న జాంట్‌టోర్‌కాయ్ వీధి కూడా పాత మట్టంలోనే ఉండిపోయింది. కాబట్టి ఉప్పెన వస్తే మెరకల మీది కొత్త ఇళ్లు పొడిగానే ఉంటాయి, వాటికీ ఊరికీ మధ్య దారి మునుగుతుంది. ఇంట్లో ఒకరికి గుండెనొప్పి వస్తే? వంటింట్లో మంట లేస్తే?

పరిశీలించేవాళ్లలో పనితనం ఉందో లేదో తేలేది ఇలాంటి చోటే. ఇల్లు మునగదు కాబట్టి నిబంధన నెరవేరిందని సంతకం చేసి పంపవచ్చు. వాళ్లు అలా చేయలేదు. కాలువల మీదుగా, గిడ్డంగుల మధ్యనుంచి, వరద మట్టానికి పైన కిబ్బెల్‌ష్టేగ్ అనే వంతెనల వరసను కట్టించారు. మామూలు రోజుల్లో అది నడిచేవాళ్ల వంతెన. సైకిల్ తోసుకుంటూ వెళ్లేవాళ్లకు అందులో ప్రత్యేకత ఏమీ కనిపించదు. నిజానికి అది ఫైరింజన్, అంబులెన్స్ మోయగల బలంతో కట్టిన వంతెన. ఉప్పెన రాత్రి కరకట్ట లోపలి ఊరికి పొడి దారి అదే. మొదటి భవనాల్లో జనం కాపురం పెట్టేలోగా ఈ దారి సిద్ధం కావాలన్నది ప్లాన్‌లోనే ఉంది. పేటంతా పూర్తయ్యాక చూద్దామని వదిలేసి ఉంటే మొదట వచ్చినవాళ్లు కొన్నేళ్లు దీవిలో బతకాల్సి వచ్చేది.

ఇక ఒక్కో ప్రతిపాదన సంగతి. హాఫెన్‌సిటీలో స్థలం కావాలన్నవాళ్లకు వెంటనే రిజిస్ట్రేషన్ చేయరు. ముందు ఏడాదో, అంతకంటే కాస్త ఎక్కువో గడువిచ్చి స్థలాన్ని వాళ్ల పేరున అట్టిపెడతారు. ఆ గడువులో కట్టబోయేవాళ్లు మట్టి పరీక్షలు చేయించాలి, నగరంతో కలిసి వాస్తుశిల్పుల పోటీ పెట్టాలి, ప్లాన్ తయారుచేసి అనుమతికి దరఖాస్తు చేయాలి. అట్టిపెట్టినందుకు రుసుము కట్టాలి. అన్నీ తేలాకే అమ్మకం. మధ్యలో పని సాగకపోతే నగరం స్థలం వెనక్కి తీసుకోవచ్చు. అమ్మేవాళ్లూ పరిశీలించేవాళ్లూ ఒకే ప్రభుత్వంలో ఉంటే పక్షపాతం వస్తుందన్న అనుమానం న్యాయమైనదే. ఇక్కడ మాత్రం భూమి చేతిలో ఉండటమే పరిశీలకులకు బలమైంది. అనుమతి ఇవ్వక తప్పదన్న ఒత్తిడి లేదు. కట్టేవాళ్లకు కూడా, డబ్బంతా పోసి కొన్నాక కొర్రీ పడుతుందన్న భయం లేదు. తప్పులు దిద్దుకోవడం ఇంకా చవకగా ఉన్న దశలోనే ఇద్దరూ పటం మీద తల వంచి కూర్చుంటారు.

ఆ పటంలో చూడాల్సినవి పైకి కనిపించేదానికంటే చాలా ఎక్కువ. ఎత్తు సరిపోయిందా అన్నది మొదటి మెట్టు మాత్రమే. నిలకడ నీటి మట్టం ఒకటైతే, దాని మీద గాలి లేపే అల ఇంకొకటి. నది వైపు తెరుచుకుని ఉన్న గోడకు అల దెబ్బ ఎక్కువ, లోపలి రేవు మూలన ఉన్న గోడకు తక్కువ. కాబట్టి పేటంతటికీ ఒకే అంకె సరిపోదు. తర్వాత, మెరక గోడ బయట నీరు నిలిచినప్పుడు లోపలి పార్కింగ్ ఖాళీగా ఉంటుంది. నీరు గోడను పక్కనుంచి నెడుతుంది, అడుగునుంచి పైకి లేపబోతుంది. దాన్ని ఆపేంత బరువో, పట్టో అడుగున ఉండాలి. మెత్తటి బురద నేల కాబట్టి భవనాలను లోతైన పైల్స్ మీద నిలపాలి. పాత వార్ఫు గోడలు వందేళ్ల కిందట మరో బరువు కోసం కట్టినవి. వాటి వెనక కొత్తగా మట్టి పోస్తే అవి నీటిలోకి ఒరిగే ప్రమాదముంది. గోడలోంచి వెళ్లే ప్రతి డ్రైనేజి గొట్టం, ప్రతి కేబుల్ రంధ్రం నీటికి దొంగదారే. మెట్రో రైలు యూ4 మార్గం 2012లో ఇక్కడికి వచ్చినప్పుడు స్టేషన్ మెట్ల దారులకూ ఇవే ప్రశ్నలు వేయాల్సి వచ్చింది. సొరంగంలోకి నీరు దిగితే అది ఈ పేటతో ఆగదు కదా.

ఇంత చేసినా గేటు దానంతటదే మూసుకోదు. నిబంధన రాసినవాళ్ల ముందుచూపును నేను మెచ్చే రెండో చోటు ఇది. 2002లో హాంబర్గ్ ప్రభుత్వం హాఫెన్‌సిటీ కోసమే ప్రత్యేకంగా ఉప్పెన రక్షణ ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం వరద గోడలనూ గేట్లనూ కట్టే బాధ్యతతో పాటు చక్కగా నిలబెట్టుకునే బాధ్యతా యజమానులదే. ఒకే మెరకను పంచుకునే భవనాల యజమానులు కలిసి రక్షణ సంఘంగా ఏర్పడాలి. హెచ్చరిక రాగానే గేట్లు మూయించే మనుషులు ఫలానా అని ముందే నిర్ణయమై ఉండాలి. సాధారణంగా భవన అనుమతి పత్రం ఇల్లు పూర్తయిన రోజుతో పాతబడిపోతుంది. ఈ ఉత్తర్వు ఆ భవనం నిలిచి ఉన్నంతకాలం, యజమానులు మారినా సరే, దాని వెంట నడుస్తుంది.

వ్యవధి లెక్క కూడా ఇందులో ఇమిడి ఉంది. జర్మనీ సముద్ర సంస్థ లెక్కలో సగటు పోటు కంటే ఒకటిన్నర మీటరు ఎక్కువైతే ఉప్పెన, రెండున్నర దాటితే తీవ్ర ఉప్పెన, మూడున్నర దాటితే అతి తీవ్ర ఉప్పెన. సెయింట్ పౌలీ దగ్గర సగటు పోటు మట్టం రెండు మీటర్ల పైన ఉంటుంది. అంటే తీవ్ర ఉప్పెనకు నడకదారి అంచు తడుస్తుంది, అతి తీవ్రమైతే మునుగుతుంది. నది ముఖద్వారంలోని కుక్స్‌హాఫెన్ దగ్గర పోటు పతాక స్థాయికి చేరిన మూడు, నాలుగు గంటలకు అది హాంబర్గ్‌కు వస్తుంది. తుఫాను సూచన అంతకంటే ముందే వస్తుంది. ఆ గంటల్లో కారు యజమానులను లేపాలి, కాఫీ షాపు కుర్చీలు లోపల పెట్టాలి, గేట్లు దించి బిగించాలి. గేట్ల సంఖ్య, వాటి బరువు, వాటిని మూసే మనుషులు ఈ వ్యవధిలో ఇమడాలి. పటం మీద ఎంత బాగున్నా, మూయడానికి తెల్లవారుతుందంటే ఆ గేటు ఉన్నా లేనట్టే.

నీటితో సంబంధం లేని ఒక విషయం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. నదికి అవతల రేవు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. కంటైనర్ల చప్పుడు ఆగదు. ఇళ్లు వచ్చాక జనం ఫిర్యాదులతో రేవును మూయిస్తారేమోనని రేవు సంస్థల భయం, నిద్ర ఉండదని ఇళ్లవాళ్ల భయం. అక్కడి నిబంధన కిటికీ మూసుకోమని చెప్పలేదు. రాత్రి పడకగదిలో, కిటికీ కొద్దిగా తెరిచి ఉన్నప్పుడు కూడా, శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని రాసింది. ఎలా సాధిస్తారన్నది కట్టేవాళ్లకు వదిలింది. దాంతో గాలి వచ్చి చప్పుడు ఆగే ప్రత్యేకమైన కిటికీలు తయారయ్యాయి. హాఫెన్‌సిటీ కిటికీ అన్న పేరే వాటికి వచ్చింది. మనిషికి చివరికి అందాల్సిందేమిటో చెప్పి, దారిని నిపుణుల తెలివికి వదిలే నిబంధన రాయడం చాలా కష్టం. అది రాయాలంటే రాసేవాళ్లకు ఆ పడకగదిలో పడుకునే మనిషి కళ్ల ముందు ఉండాలి.

2013 డిసెంబర్ 6న క్సావర్ తుఫాను వచ్చింది. సెయింట్ పౌలీలో నీరు 6.09 మీటర్లకు లేచింది, 1976 తర్వాత అంత ఎత్తు నీరు రాలేదు. 1962లో 315 మందిని పొట్టన పెట్టుకున్న మట్టం కంటే అది దాదాపు 40 సెంటీమీటర్లు ఎక్కువ. నగరంలోని చేపల బజారు మునిగింది. హాఫెన్‌సిటీలో నడకదారులు నీటి కిందికి వెళ్లాయి, గేట్లు మూతపడ్డాయి, మెరకల మీద ఇళ్లలో జనం ఉన్నారు. ఆ సమయానికే నగరం సముద్రమట్టం పెరుగుదలను లెక్కలోకి తీసుకుని, రక్షణకు ఆధారమైన నీటి మట్టాన్ని సెయింట్ పౌలీ దగ్గర 8.10 మీటర్లకు పెంచింది. తూర్పు వైపు తర్వాత కట్టిన భవనాల మెరకలు ఎత్తుగా ఉండటానికి కారణం అదే. కట్ట అయితే పొడవునా తిరిగి పెంచాలి. ఇక్కడ తర్వాతి భవనం కొత్త అంకెతో మొదలవుతుంది.

లోపాలు లేవని అనను. ముందు కట్టిన పడమటి భాగం తక్కువ మట్టంలో ఉండిపోయింది. దాన్ని మళ్లీ లేపడం కుదరదు, రాబోయే దశాబ్దాల్లో అక్కడి గేట్ల మీద భారం పెరుగుతుంది. మెరక ఖర్చు, గేట్ల నిర్వహణ ఖర్చు చివరికి ఇంటి ధరలోకే చేరతాయి. మొదట వచ్చిన ఇళ్లు డబ్బున్నవాళ్లవే అయ్యాయి. తక్కువ అద్దె ఇళ్ల వాటా పెట్టాలన్న షరతు తర్వాతి దశల్లో గాని బలపడలేదు. గిడ్డంగుల కోసం ఇరవై వేల మందిని పంపేసిన చోట ఆ షరతు మొదటి రోజునుంచే ఉండాల్సింది. వరద నిబంధనలో చూపిన శ్రద్ధ ఇంటి అద్దె విషయంలో అంత త్వరగా రాలేదు.

ఇంకో హెచ్చరిక కూడా అవసరం. ఉప్పెన నీరు సముద్రం తోసే నీరు. వంద హెక్టార్ల మెరక పోసినా దాని మట్టం మారేది లేదు. వాగు, ఏరు అలా కాదు. వాటి పరీవాహకంలో మెరక పోస్తే ఆ మేరకు నీరు పక్కవాళ్ల మీదికి పోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు సింగ్‌నగర్ వాసులు పడ్డ కష్టం తెలిసిందే. హాంబర్గ్ మెరకను తెచ్చి బుడమేరు పక్కన పెడితే అది మరికొందరిని ముంచే పనే అవుతుంది. ఏ నీటికి ఏ జవాబో తెలియడమే పరిశీలకుల మొదటి అర్హత.

మన తీరంలో మాత్రం ఉప్పెన పరాయిది కాదు. 1977 నవంబర్ 19న దివిసీమలో వేల ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ఊపేసింది. మన తీర నియంత్రణ జోన్ నిబంధనలు 1991లో వచ్చాయి, 2011లో, 2019లో మారాయి. అవి ప్రధానంగా అడ్డంగా కొలుస్తాయి. పోటు గీత నుంచి ఎన్ని మీటర్లలోపు కట్టకూడదు, ఉన్న రోడ్డుకు సముద్రం వైపా, భూమి వైపా అని అడుగుతాయి. తీరాన్నీ మత్స్యకారుల బతుకునూ కాపాడటానికి ఆ దూరం కావాల్సిందే, దాన్ని తగ్గించమని నేను అనను. దూరం సరిపోయిందని తేలాక అడగాల్సిన నిలువు ప్రశ్నలు మాత్రం ఆ ఫైలులో సన్నగిల్లుతాయి. సముద్రపు కోత, ముంపు లెక్కగట్టి గీసిన ప్రమాద రేఖ కూడా మన దగ్గర ఉంది. 2019 నోటిఫికేషన్ దాన్ని విపత్తు నిర్వహణ ప్రణాళికకు సాధనంగా వాడాలని చెబుతుంది తప్ప, ఆ రేఖ లోపల కట్టే భవనం గుమ్మం ఏ ఎత్తులో ఉండాలో చెప్పదు. దివిసీమ తర్వాత తీరం వెంట స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టర్లు నిలువుగా ఆలోచించినవే. ఆ ఆలోచన పల్లెల్లో షెల్టర్ల దగ్గరే ఆగిపోయింది, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఒడ్డున లేచే అపార్టుమెంట్ల అనుమతుల్లోకి రాలేదు.

తీర ప్రణాళిక ముసాయిదాల మీద జిల్లాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. తీరంలో ఉన్న పాఠకులారా, ఈసారి మీ ఊళ్లో అలాంటి సభ పెడితే వెళ్లండి. ఒడ్డున ఏ ప్రాజెక్టు ప్రతిపాదన వచ్చినా మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబు రాతలోనే అడగండి. భవనం గుమ్మం సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంది? ఉప్పెన రాత్రి అంబులెన్స్ ఏ రోడ్డు మీదుగా వస్తుంది, ఆ రోడ్డు ఎత్తెంత? గేట్లు ఉంటే వాటిని మూసే బాధ్యత ఎవరిది?